ఆ మాత్ర పేరు నేను అడగలేదు

మా అమ్మాయికి రెండో నెల. తిన్నది కడుపులో నిలవడంలేదు. వొక రాత్రి నేనే మందుల షాపుకు వెళ్ళాను. కుర్రవాడు నాలుగు మాత్రలు కత్తిరించి కాగితంలో చుట్టి యిచ్చాడు. "యేం ఫరవాలేదు మాస్టారూ, అందరూ వాడేదే" అన్నాడు. మాత్ర పేరు నేను అడగలేదు. బిల్లూ అడగలేదు. ముప్ఫయి యేళ్ళు రసాయనశాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి!

మనుమరాలు క్షేమంగా పుట్టింది. అందులో నా వివేకం యేమీ లేదు. యీ సంగతి థాలిడోమైడ్ చరిత్ర చదివినప్పుడు నాకు తెలిసివచ్చింది.

పశ్చిమ జర్మనీలో గ్రూనెంతాల్ కంపెనీ 1957లో ఆ మందును నిద్రమాత్రగా అమ్మకానికి పెట్టింది. డాక్టరు చీటీ అక్కరలేదు. వేవిళ్ళకూ వాడారు. బ్రిటన్‌లో అమ్మిన డిస్టిలర్స్ కంపెనీ గర్భిణులకు పూర్తిగా క్షేమమని ప్రకటించింది. పిండానికి కాళ్ళూ చేతులూ యేర్పడే తొలి వారాలలోనే ఆ మందు దెబ్బ తీసేది. 1961 నవంబరులో హాంబర్గ్ వైద్యుడు విడుకింద్ లెంట్స్ హెచ్చరించిన తర్వాతగాని జర్మనీలో అమ్మకం ఆగలేదు. ప్రపంచం మొత్తంమీద 10,000 మందికి పైగా పిల్లలు అంగవైకల్యంతో పుట్టారని అంచనా. అమెరికా ప్రభుత్వోద్యోగి డాక్టర్ ఫ్రాన్సెస్ కెల్సీ మాత్రం, చాలినంత రుజువు చూపనిదే అనుమతి యివ్వనని పట్టుబట్టింది. కంపెనీ వొత్తిడికి లొంగలేదు.

మరి న్యాయం? తల్లి మింగిన మాత్రకు గర్భంలోని బిడ్డ దావా వేయవచ్చునా అన్నదే బ్రిటిష్ చట్టంలో అప్పటికి తేలని ప్రశ్న. 1968లో 62 కుటుంబాలు, గెలిస్తే రాగల పరిహారంలో నూటికి 40 వంతులకు రాజీపడ్డాయి. కంపెనీది అజాగ్రత్త అన్న ఆరోపణను వుపసంహరించుకోవలసివచ్చింది. 1972లో సండే టైమ్స్ పత్రిక నిజం వెల్లడించబోతే కోర్టు ఆపింది. ఆ నిషేధం భావప్రకటనా స్వేచ్ఛకు భంగమని యూరోపియన్ మానవహక్కుల కోర్టు 1979లో చెప్పింది. బిడ్డ హక్కును చట్టం స్పష్టంగా వొప్పుకున్నది 1976లో. జర్మనీలో 1968లో మొదలైన క్రిమినల్ విచారణ, కంపెనీ 10 కోట్ల మార్కులు యిస్తానన్న తర్వాత, 1970లో తీర్పు లేకుండానే ముగిసింది. కంపెనీ క్షమాపణ చెప్పినది 2012లో!

లాభం వెంటనే చేతికి వస్తుంది. బాధ్యతకు మాత్రం యాభై యేళ్ళు పడుతుంది. రుజువులు కంపెనీ బీరువాలో వుంటాయి. రుజువు చేయవలసిన భారం బిడ్డను యెత్తుకున్న తల్లి మీద పడుతుంది.

మన దేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తగిన హెచ్చరిక యివ్వని తయారీదారు పరిహారం చెల్లించాలి. బాధితులు తాము నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. గడువు సాధారణంగా రెండేళ్ళు. అయితే ఆ చట్టంలోనే వొక కిటుకు వున్నది. నిపుణుల పర్యవేక్షణలో వాడవలసిన వస్తువైతే, ఆ నిపుణుణ్ణి తగురీతిగా హెచ్చరించిన తయారీదారు, హెచ్చరించలేదన్న దావానుంచి తప్పుకోవచ్చు. డాక్టరుకు చెప్పాం గదా అంటుంది కంపెనీ. ఆ డాక్టరు తల్లికి చెప్పాడా అన్న ప్రశ్న మిగిలిపోతుంది. మూర్ఛకు వాడే వాల్ప్రోయేట్ గర్భస్థ శిశువుకు హాని చేయగలదని నేడు అందరు వైద్యులకూ తెలిసివుండాలి. వాడే స్త్రీకి, గర్భం రాకముందే, తెలియాలి. భయపడి తనంతట మానివేస్తే మూర్ఛ తిరగబడి ప్రాణానికే ముప్పు, మార్చవలసింది డాక్టరే. అందుకే ముందుగా చెప్పడం అవసరం.

ఆ రాత్రి సంగతి మళ్ళీ తలుచుకుంటాను. బిడ్డకు యేదైనా జరిగివుంటే, యే మాత్ర, యెవరు తయారుచేశారు, యెవరు అమ్మారు అని అడిగే న్యాయాధికారి ముందు పెట్టడానికి నా దగ్గర చిత్తుకాగితం కూడా లేదు. చదువుకున్న నా గతే అది. కూలికి పోయే తల్లి సంగతేమిటి?

చీటీ, బిల్లు, మాత్రల అట్ట దాచుకోమని మా వూరి ఆడవాళ్ళకు యిప్పుడు చెబుతున్నాను. అంతటితో సరిపోదని నాకు తెలుసు. హెచ్చరిక అట్ట మీద తెలుగులో వుండాలి. డాక్టరు నోట తెలుగులో వినబడాలి. పుట్టిన బిడ్డకు పరిహారం యిచ్చే చట్టం అవసరమే. మాత్ర మింగకముందే తల్లి చెవిన పడే మాట అంతకంటె అవసరం.