చుక్క వెంట చూపు

2018 జనవరిలో వేములవాడలోని మా ఇంట ఇషా నమాజు తర్వాత అందరమూ ఒక ఫోను చుట్టూ చేరేవాళ్ళం. తెర మీద హిందూ మహాసముద్రం. అందులో ఒక చుక్క. అది సీబెడ్ కన్‌స్ట్రక్టర్ అనే నౌక. 2014 మార్చి 8న 239 మందితో అదృశ్యమైన మలేషియా విమానం ఎంహెచ్ 370 కోసం గాలిస్తున్నది. ఆ ప్రయాణికులలో ఐదుగురు భారతీయులు. మా వారెవరూ లేరు. అయినా గల్ఫ్‌లో మనుషులున్న ఇళ్ళకు నాలుగు రోజులు ఫోను పలకకపోతే ఎలా ఉంటుందో ఒకరు చెప్పనక్కర లేదు.

పెద్ద నౌకలు ఒకదానినొకటి ఢీకొనకుండా తమ పేరు, స్థానం, వేగం, దిశలను రేడియో సంకేతాలుగా పంపుతూ ఉంటాయి. నడిసముద్రంలో వాటిని ఉపగ్రహాలు అందుకుంటాయి. సిరిసిల్ల మగ్గంలో నాడె ఆడినట్లు ఆ చుక్క అటూ ఇటూ తిరిగేది. అయితే అసలు వెతికేది నౌక కాదు, అది నీళ్ళలోకి దించిన మానవరహిత యంత్రాలు. అవి 6,000 మీటర్ల లోతుకు దిగగలవు. అందుచేత నౌక ఒకచోట ఆగితే, యంత్రాన్ని పైకి తీస్తున్నారో, ఏదైనా దొరికిందో చుక్కను బట్టి తేలదు.

జనవరి నెలాఖరున సంకేతమే ఆగిపోయింది. దాదాపు మూడు రోజులు! ఏదో దొరికిందని పుకార్లు లేచాయి. మా ఖాలా మాత్రం, "ఆ తల్లులు దుఆలో ఏమని అడుగుతరు? క్షేమంగా రావాలననా, మగ్ఫిరత్ కావాలననా?" అన్నది. మాలో ఎవరమూ బదులు చెప్పలేదు. నౌక మళ్ళీ కనిపించింది, ఆస్ట్రేలియా రేవు దారిలో. మొత్తం 1,12,000 చదరపు కిలోమీటర్లకు పైగా గాలించినా ఆ విమానం దొరకలేదు.

ఆ ప్రశ్న మన తెలుగు ఇళ్ళలోనూ ఉన్నదే. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వాయుసేన విమానం ఏఎన్-32 బంగాళాఖాతం మీద మాయమైంది. అందులోని 29 మందిలో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధాగార ఉద్యోగులు. ఓడలు, విమానాలు వారాల తరబడి వెతికాయి. సెప్టెంబరులో, వారు మరణించినట్లే భావిస్తున్నామని వాయుసేన కుటుంబాలకు తెలియజేసింది. భావించడం వేరు, తెలియడం వేరు. జాడ తెలియని మనిషిని ఫిఖ్‌హ్ 'మఫ్ఖూద్' అని ప్రత్యేకంగా పేర్కొన్నది అందుకే. భర్త జాడ నాలుగేళ్ళు తెలియకపోతే భార్య వివాహ రద్దు కోరవచ్చునని మన 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టమూ చెబుతున్నది.

2024 జనవరిలో రక్షణ శాఖ ప్రకటన వచ్చింది. చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరాన, 3,400 మీటర్ల లోతున, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ దించిన యంత్రం ఫొటోలు తీసింది. అవి ఏఎన్-32 శకలాలే. విశాఖలోని ఆ ఇళ్ళకు ఈ మాట చేరేసరికి ఏడున్నరేళ్ళు గడిచాయి.