సినిమా చెట్టు దగ్గర చెడిపోయిన షాట్

రాజమండ్రి నుంచి రోడ్ కమ్ రైలు వంతెన మీదుగా గోదావరి దాటితే కొవ్వూరు. దానికి దగ్గర్లోనే కుమారదేవం. ఆ ఊరి గోదారి గట్టున పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉండేది. ఎన్నో సినిమాల్లో కనిపించింది కాబట్టి అందరికీ అది 'సినిమా చెట్టు'.

2023 సంక్రాంతికి అమ్మమ్మని అక్కడికి తీసుకెళ్లా. పెళ్లైన కొత్తలో క్యారేజీ కట్టుకుని షూటింగులు చూడ్డానికి వచ్చేవాళ్లట. "ఇదిగో, ఇక్కడే కూర్చునేవాళ్లంరా" అంటూ చెట్టు మొదట్లోంచి నడిచొస్తుంటే వీడియో తీశా. కొత్త కెమెరా, అన్నీ ఆటో సెట్టింగ్సే. డిఫాల్ట్స్‌ని గుడ్డిగా నమ్మకూడదని కోడ్ రాసుకునే నాకే తెలిసుండాలి!

హైదరాబాద్ వచ్చి ల్యాప్‌టాప్‌లో చూస్తే అమ్మమ్మ కొంగు గాలికి రెపరెపలాడట్లేదు, టకటకా గెంతుతోంది. నీడలోంచి ఎండలోకి రాగానే మొహం ఒకసారి వెలిగి, వెంటనే నల్లబడింది. అదే రోజు తీసిన ఫొటోలు మాత్రం సూపర్.

కారణం షట్టర్. ఎండ ఎక్కువుందని కెమెరా తనంతట తానే సెకనులో 1/2000 వంతు పెట్టేసుకుంది. ఫొటోకి అది వరం, కొంగు గాల్లో అలా ఆగిపోతుంది. వీడియోకి అదే శాపం. సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకి మామూలుగా 1/48 సెకను వెలుగు పడనిస్తారు (మన కెమెరాల్లో 1/50). ఆ కాసేపట్లో కదలిక కొంచెం అలుక్కుపోతుంది చూడండి, ఫ్రేముని ఫ్రేముకి అతికించేది ఆ మసకే. 1/50 పెడితే లోపలికొచ్చే వెలుగు 40 రెట్లు. ఐఎస్ఓ తగ్గించాలి, ఎపర్చర్ మూయాలి. అదీ చాలకపోతే ఎన్‌డీ ఫిల్టర్. కెమెరాకి కూలింగ్ గ్లాసెస్ అన్నమాట. ఇక ఎక్స్‌పోజర్‌ని ఎండకి సెట్ చేసి లాక్ చేసుంటే, అమ్మమ్మ నిజంగా నీడలోంచి వెలుగులోకి వచ్చినట్టే ఉండేది.

తర్వాత ఏడాది పాటు వీడియో జోలికి పోలేదు. మాన్యువల్‌లో ఫొటోలే. 'రంగం' తీసిన కేవీ ఆనంద్ కూడా ముందు ప్రెస్ ఫొటోగ్రాఫరే, ఆ తర్వాతే సినిమా కెమెరా పట్టారు. వెలుగు ఎటు నుంచి పడుతోందో చూడ్డం అప్పుడే అలవాటైంది. కుమారదేవం గోదారికి పడమటి ఒడ్డు. పొద్దున్నే ఊరి వైపు నుంచి తీస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, చెట్టు నల్లటి బొమ్మైపోతుంది. సాయంత్రమైతే ఎండ మన వీపు మీదుగా వెళ్లి కొమ్మల మీద పడుతుంది. మేమేమో భోజనాలయ్యాక మిట్టమధ్యాహ్నం వెళ్లాం.

ఇవన్నీ నేర్చుకుని మళ్లీ వెళ్దామనుకునేలోపే, 2024 ఆగస్టులో చెట్టు కూలిపోయింది. ఫోన్ చేస్తే అమ్మమ్మ, "కొంగు గెంతితే గెంతిందిలే, ఆ వీడియో నాకు పంపు" అంది.

తర్వాతి సంక్రాంతికి సాయంత్రం పూట వెళ్లాం. 1/50, ఎన్‌డీ ఫిల్టర్, ఎక్స్‌పోజర్ లాక్. ఫ్రేములో కొమ్మలుండాల్సిన చోట ఉత్త ఆకాశం. అమ్మమ్మ చెట్టున్న చోట నిలబడి, కొంగు సర్దుకుని, "ఎక్కడిదాకా నడవమంటావురా?" అనడిగింది.