పాత లేతు పరీక్ష

పాత యంత్రమును బాగుచేయుటకంటె దానియందు చెడినది యేదో తెలిసికొనుట కష్టము. గోదావరిఖనిలో ఒక చిన్న మరమ్మతుశాలయందు మంచి లేతు నొకదానిని పాడుచేసి మేమీ సంగతి నేర్చుకొంటిమి.

ఈ ప్రాంతమున 1960ల నుండి సింగరేణి సంస్థ బొగ్గు త్రవ్వించుచున్నది. గనులున్నచోట పంపుల షాఫ్టులు, బుష్షులు నిత్యము అరుగుచుండును. వానిని సరిచేయునది లేతు. అట్టి లేతే అరుగుచున్న దను తలంపు మాత్రము కొందరికే కలుగును. రాతిపొడితో గూడిన బొగ్గుదుమ్ము నూనెలో కలిసినచో అది సానపొడివలె ఇనుమును తినివేయును.

లేతునకు బెడ్డే ఆధారము. దానిపై క్యారేజి నడచును. పని యెక్కువగా చక్కునకు సమీపమున జరుగును గనుక అరుగుదలయు నచ్చటనే హెచ్చు. టెయిల్‌స్టాకు వైపు కొస ఇంచుమించు క్రొత్తదివలె నుండును. క్యారేజి చక్కునొద్ద వదులుగా కదలి, ఆ కొసకు పోయినపుడు బిగిసికొనెనా, బెడ్డు అరిగినదని గ్రహింపవలెను.

మేమీ పరీక్షయైనను చేయలేదు. మా లేతు షాఫ్టును ఒక కొసను లావుగను, మరియొక కొసను సన్నముగను కోయుచుండెను. బెడ్డు అరిగిన దని నిశ్చయించి, దానిని విప్పించి గ్రైండింగు చేయించితిమి. లోహము పోయెను గాని దోషము పోలేదు. పైగా క్యారేజి క్రిందికి దిగి లీడ్‌స్క్రూతో పొందిక తప్పెను. అప్పుడు, ఆ లేతుపై ఇరువదియేండ్లు పనిచేసిన టర్నరును పిలిచి యడిగితిమి. "నేల కుంగింది సారూ, ఒక కాలు ఆనుత లేదు. నన్నెవరడిగిండ్రు?" అని అతడనెను. లెవెలు పెట్టి చూడగా అతని మాటయే నిజమయ్యెను. బెడ్డు మెలిదిరిగి యుండెను. కాలి క్రింద రేకుముక్క సర్దినంతనే షాఫ్టు సమముగా తెగెను. పోయిన లోహము మాత్రము తిరిగి రాలేదు.

నాటినుండి మేము మొదట లెవెలు చూతుము. పిదప చక్కులో కడ్డీ బిగించి, మెల్లగా పైకెత్తుచు, స్పిండిలు బేరింగుల వదులును డయల్ గేజితో కొలుతుము. ఆ తరువాతనే బెడ్డు. అరుగుదల యెంత యనుటకంటె ఏ దిక్కున నను ప్రశ్న ముఖ్యము. 50 మి.మీ. షాఫ్టు కోయునపుడు పనిముట్టు 0.1 మి.మీ. ప్రక్కకు జరిగినచో వ్యాసము 0.2 మి.మీ. మారును, మధ్యరేఖనుండి అంతే క్రిందికి దిగినచో మార్పు 0.001 మి.మీ. కైనను రాదు. హేండిలులోని వదులును జూచి భయపడ నక్కరలేదు; ఎల్లప్పుడు ఒకే దిక్కునుండి త్రిప్పి కొలత పట్టినచో అది చాలవరకు బాధింపదు.

చదువుకొన్న మేము గేజిని నమ్ముటకు సిద్ధముగా నుంటిమి. నూనెచేతుల మనిషిని అడుగుటకు మాత్రము మాకు తోచలేదు. ఆ లేతునకు జరిగిన నష్టములో పెద్దపాలు ఈ గర్వమునదే. బాగుచేయ బూనినవారు మొదట దానితో బ్రదుకు వెళ్లబుచ్చినవానిని అడుగుదురుగాక.