పెరటి నేరేడు

పెరటిలో పండ్లచెట్టు నాటుట పుణ్యకార్యమే. కాని చోటెరిగి నాటనిచో ఆ పుణ్యమే దుఃఖహేతువగును. ఇది మా యనుభవము.

మా యత్తగారికి అల్లనేరేడుపండ్లన్న మిక్కిలి ప్రీతి. ఒక ఆషాఢమాసమున మంచిపండు గింజ నేరి, నూతిగట్టు ప్రక్కనే పాతితిమి. నేరేడుగింజ యెండినకొలది మొలకెత్తు శక్తిని గోల్పోవును. కావున వెంటనే పాతుట మంచిదే. మా తప్పు గింజయందు గాదు, స్థలమునందు. తొమ్మిదవయేట చెట్టు కాచెను. పండ్లు నూతిలో రాలి నీరు చెడెను. ఆరవేసిన చీరెలకు ఊదారంగు మరకలు పడెను. గాలివానకు కొమ్మ విరిగిపడి వంటయింటి పెంకులు పగిలెను. మూడవకాపు ముగిసినంతనే చెట్టు కొట్టింపక తప్పినది కాదు. ఆనాడు అత్తగారు భోజనము చేయలేదు. మమ్ము ఒక్క మాటయు ననలేదు.

కావున నేరేడును ఇంటికిని నూతికిని 30 అడుగుల దూరమున, ఎండ తగులు చోట, తొలకరివానలలో నాటవలెను. గింజమొక్క కాపునకు 8 మొదలు 10 ఏండ్లు పట్టును; అంటుమొక్క 6, 7 ఏండ్లకే కాయును, పండు తల్లిచెట్టు పండును బోలియుండును. 3 అడుగుల గుంట త్రవ్వి, పశువులపెంట యెరువు కలిపిన మన్నుతో నింపవలెను. అంటుకట్టు మంటిలో పూడరాదు. దాని క్రింద పుట్టు చిగుళ్లను త్రుంచివేయవలెను. అంత చోటు లేనివారు నిమ్మనో జామనో పెంచుకొనుట మేలు.

ఈ యేడు దొడ్డి మూలను నేరేడంటు నాటితిమి. అత్తగారికి 72 ఏండ్లు. మొదటి చెంబెడు నీరు ఆమెయే పోసినది.