మాలిష్ వద్దన్న మాలిష్ అవ్వ

మీ ఇంట్లో బాలింత ఉందా? అయితే ఈ నాలుగు ముక్కలూ చదివాకే నూనె గిన్నె పొయ్యిమీద పెట్టండి.

మా జహీరాబాద్‌లో బాలింతకు మాలిష్ చేయించకపోతే ఇరుగుపొరుగు ఊరుకోరు. మా అమ్మాయికి ఆపరేషన్ కాన్పు. పదో రోజున అవ్వను పిలిపించాను. అల్లం చేలల్లో కలుపు తీసి, మధ్యాహ్నాలు మాలిష్‌కు వస్తుంది, బలమైన చేతులు. నువ్వులనూనె గోరువెచ్చగా చేసి పీట పక్కన పెట్టాను. ముందురోజు నుంచే అమ్మాయి ఎడమ పిక్క నొప్పి అంటోంది. "పడుకునే ఉంటున్నావుగా, పట్టేసి ఉంటుంది. అవ్వ గట్టిగా పిసికితే పోతుంది" అన్నది నేనే!

అవ్వ రెండు కాళ్లూ జాపించి తడిమి చూసింది. చేతికి నూనె కూడా అంటించుకోలేదు.

"ఒక్క కాలే వాచిందమ్మా, ఉడుకుగ ఉన్నది. నేను ముట్ట. దవాఖానకు తీస్కపో" అన్నది.

చెప్పొద్దూ, నాకు కోపమే వచ్చింది. పది రోజుల బాలింతను ఈ చలిగాలిలో బయటకు తిప్పడమా అని. అయినా అవ్వ ముఖం చూసి భయమేసి, సాయంత్రానికి బీదర్ తీసుకెళ్లాం. డాప్లర్ స్కాన్ తీశారు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది!

"పిసికి ఉంటే గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లో అడ్డం పడే ప్రమాదం ఉండేది. ప్రాణం మీదికొస్తుంది" అన్నారు డాక్టరమ్మ. కాన్పయ్యాక 6 వారాల దాకా ఈ ముప్పు ఎక్కువట, ఆపరేషన్ అయితే మరీనూ. రక్తం పలచబడే ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు ఇచ్చారు. అవి వాడినన్నాళ్లూ గట్టి మాలిష్ కూడదు, లోపల రక్తం చిమ్మి కమిలిపోతుంది.

ఒక కాలే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే నూనె ముట్టకండి. అదే రోజు డాక్టరుకు చూపించండి. ఆయాసమో, ఛాతీ నొప్పో తోడైతే క్షణం ఆగొద్దు. జ్వరం ఉన్నా మాలిష్ వద్దు. కుట్లు పూర్తిగా మానేదాకా పొట్ట జోలికి పోవద్దు. మరీ అంతగా నడుం నొప్పి అంటే, డాక్టరు సరేనంటే, బోర్లా పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి భుజాలు, వీపు మెల్లగా నిమరొచ్చు. అన్నట్టు, పసివాళ్ల ముక్కులో నూనె చుక్కలు వేసే అలవాటుంటే అదీ మానండి. ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది.

మందులన్నీ అయి, డాక్టరమ్మ సరేనన్నాక అవ్వను మళ్లీ పిలిచాను. "డాక్టరమ్మ తన నోటితోనే చెప్పిందా?" అని రెండుసార్లు అడిగి గానీ నూనె గిన్నె అందుకోలేదు.