గతమా, వర్తమానమా?

పెద్దవూరలో తెలుగు పండితుడిగా పనిచేసిన రోజులలో నా పక్క కుర్చీ లెక్కల సారుది. ఆయన క్రైస్తవులు, మితభాషి. ఒకనాడు విరామవేళ ఆయన బల్ల మీది బైబిలు తెరిచి, పదిమందీ వినేలా అడిగాను.

"యెహోయాకీను రాజును నెబుకద్నెజరు చెరపట్టింది తన ఏలుబడిలో ఎనిమిదవ ఏట అని రాజులు రెండవ గ్రంథం 24వ అధ్యాయం చెబుతోంది. ఏడవ ఏట అని యిర్మీయా 52వ అధ్యాయం. లెక్కలు చెప్పేవారు, మీరే తేల్చండి సారూ!"

అందరూ నవ్వారు. ఆయన పుస్తకం మూసి, "ఏదో కారణం ఉంటుంది పంతులుగారూ" అని తరగతికి వెళ్ళిపోయారు.

ఆ కారణం నాకు మా ఇంటి పాత పెట్టెలో దొరికింది. మా తాతగారు 1948 సెప్టెంబరులో కాలం చేశారు. పొలం పంపకాలప్పుడు రెండు కాగితాలు బయటపడ్డాయి. మా ఊరి విరాసతు కాగితంలో ఆయన పోయింది 1357 ఫసలీ. కృష్ణకు ఆవల మాచర్లలో మేనత్తగారు వ్రాయించిన దస్తావేజులో 1358 ఫసలీ. ఏదో ఒకటి దొంగకాగితమేనని దాయాదులు రెండేళ్ళు మాటలు మానుకున్నారు. తీరా చూస్తే రెండూ నిజమే. నిజాం రాజ్యంలో ఫసలీ అక్టోబరులో, ఆజూరు మాసంతో మొదలయ్యేది. మద్రాసు రాష్ట్రంలో జులై 1న మొదలయ్యేది. ఆ సెప్టెంబరులో నదికి ఆ ఒడ్డున కొత్త అంకె వచ్చింది, ఈ ఒడ్డున ఇంకా రాలేదు.

అప్పుడు సారు ముఖం గుర్తుకు వచ్చింది. కూర్చుని చదివాను. బబులోనులో రాజు గద్దెనెక్కిన ఏటిలో మిగిలిన నెలలను లెక్కించరు. తరువాతి సంవత్సరాది నుంచే మొదటి ఏడు. ఆ మిగులు నెలలనే మొదటి ఏడుగా పట్టే పద్ధతి మరొకటి ఉంది. 1956లో డొనాల్డ్ వైజ్‌మన్ ప్రకటించిన బబులోను మట్టిపలక ఆ పట్టణం పట్టుబడింది ఏడవ ఏట, అదారు మాసం రెండవ దినాన అంటుంది. అది క్రీ.పూ. 597 మార్చి 16. యిర్మీయాలోని ఆ లెక్క బబులోను పద్ధతిది, రాజుల గ్రంథానిది రెండవ పద్ధతి అని పలువురు పండితుల సమాధానం. యిర్మీయా 52లోనే దేవాలయం కాలిన ఏడు పన్నెండవ వచనంలో 19, ఆనాటి చెర ఏడు ఇరవైతొమ్మిదవ వచనంలో 18!

అన్నీ ఇలా తీరవు. యెహోయాకీను రాజైన వయస్సు రాజుల గ్రంథంలో 18, దినవృత్తాంతములలో 8. ఇక్కడ వ్రాయసగాని చేయి జారిందనే చాలామంది అంటారు. తాళపత్రాలు చూసినవారికి అది వింత కాదు.

శాసనంలోని శకవర్షం గతమా, వర్తమానమా అని విచారించక కాలం కట్టరాదని నేను చదువుకున్నాను, పిల్లలకూ చెప్పాను. ఆ వివేకం పొరుగువాని గ్రంథం దగ్గర నాకెందుకు లేకపోయింది?

మిర్యాలగూడలో స్థిరపడిన సారు ఇంటికి వెళ్ళి ఇదంతా చెప్పాను. ఆయన ఆసాంతం విని, "మరి మీ దాయాదులు మాట్లాడుకుంటున్నారా?" అని మాత్రం అడిగారు.

నేను నవ్వింది పదిమంది ఎదుట. తప్పు ఒప్పుకున్నది ఇద్దరి మధ్య. ఆ కొరత తీరాలనే ఇది మీ అందరి ఎదుట వ్రాస్తున్నాను.