గడ్డి కొద్దీ గొడ్లు

స్విట్జర్లాండ్‌లోని విస్ప్ స్టేషన్‌లో జెర్మాట్ రైలెక్కే వాళ్లలో నూటికి తొంభై మంది మాటర్‌హార్న్ శిఖరం కోసం వెళ్లేవాళ్లే. నేను మాత్రం దారిలో స్టాల్డెన్‌లో దిగి, పసుపుపచ్చ పోస్టు బస్సెక్కాను. కొండవాలు మీద మెలికలు తిరుగుతూ ఆ బస్సు టోర్బెల్‌కు చేరుస్తుంది. దాదాపు 1,500 మీటర్ల ఎత్తున, సుమారు అయిదు వందల జనాభా ఉన్న రైతుల ఊరు. కోట లేదు, జలపాతం లేదు. అయినా ఉమ్మడి ఆస్తుల గురించి చదివినవాళ్లకు ఇది పుణ్యక్షేత్రం లాంటిది. నాకున్నదీ ఆ పిచ్చే.

ఊళ్లో అడుగుపెట్టగానే కంటపడేవి ఎండకు నల్లబడ్డ లార్చ్ కొయ్య ఇళ్లు. వాటి మధ్య రై పంట దాచుకునే పాత కొట్లు పొట్టి కాళ్ల మీద నిలబడి ఉంటాయి. ప్రతి కాలికీ పైన గుండ్రటి రాతి పలక. ఎలుక కాలు పట్టుకుని ఎక్కినా ఆ పలక దాటలేదు. ఆ రై పిండితో ఊరి ఉమ్మడి పొయ్యిలో ఏడాదికి రెండు మూడు సార్లే రొట్టెలు కాల్చేవారట. ఎండి రాయిలా మారిన రొట్టెను కోయడానికి వేరే కత్తి ఉండేది. నేను తిన్నది తాజా రొట్టే, దవడలు నొప్పెట్టాయి.

1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. అందరిదీ అయిన బీడులోకి ప్రతివాడూ ఇంకొక పశువును తోలుతూనే ఉంటాడనీ, చివరికి బీడు నాశనమవుతుందనీ అతని వాదన. ఆ మాట ప్రపంచమంతా పాకింది. అయితే రాబర్ట్ నెట్టింగ్ అనే మానవశాస్త్రవేత్త టోర్బెల్‌లో ఉండి, పాత కాగితాలు తిరగేసి, 1981లో ఒక పుస్తకం తెచ్చాడు. ఇక్కడ బీడు అయిదు వందల ఏళ్లుగా ఉమ్మడిదే, పాడైపోలేదు! ఆ సాక్ష్యాన్ని ఎలినార్ ఆస్ట్రమ్ తన 1990 నాటి పుస్తకంలో వాడుకుంది. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి మహిళ ఆమె.

కిటుకు ఒక్క వాక్యంలో ఉంది. 1517 నాటి కట్టుబాటు ప్రకారం, చలికాలమంతా తన గడ్డితో మేపగలిగినన్ని ఆవులనే ఎవరైనా వేసవిలో ఉమ్మడి బీడుకు తోలాలి. మంచు కురిసే నెలల్లో ఆవు కొట్టంలోనే ఉంటుంది. దాని మేత సొంత పొలంలో కోసి ఎండబెట్టుకున్న గడ్డి. కాబట్టి వేసవికి నాలుగు ఆవులు కొని తెచ్చి ఊరందరి గడ్డి మేపడం కుదరదు. బీడులో ఎన్ని పశువులుండాలో ఎవరి గడ్డివామి వాళ్లకు చెబుతుంది. బీడుకు తోలే రోజున ఆవులను లెక్కపెట్టేవారు, జున్ను వాటాలు ఆ లెక్కనే. తప్పు చేసినవాడికి జరిమానా వేసే అధికారికి అందులో సగం దక్కేది. ఇంత చక్కటి ప్రోత్సాహకం ఏ కమిటీకి తడుతుంది!

నేను బస చేసిన ఇంటి పెద్దాయనను అడిగాను, ఎవరైనా దొంగచాటుగా ఎక్కువ తోలితే ఎలా అని. నవ్వాడు. “పక్కింటివాడి ఆవులెన్నో మాకు తెలియకుండా ఉంటుందా?” అన్నాడు.

అడవి సంగతీ అంతే. కొట్టవలసిన చెట్లకు ఊరి తరఫున గుర్తు పెట్టేవారు. హక్కున్న ఇళ్లవాళ్లు జట్లుగా వెళ్లి కొట్టేవారు, కట్టెలను సమానంగా పేర్చి చీట్లు వేసేవారు. ఏ కుప్ప ఎవరిదో ముందు తెలియదు గనక పేర్చేటప్పుడు మోసం చేసి లాభం లేదు. కొండ కాలువల నీళ్లూ వంతులే. ఈ విస్ప్ లోయలో వానలు చాలా తక్కువ, మంచు కరిగిన నీటిని కాలువల్లో తెచ్చుకోకపోతే పచ్చగడ్డి ఉండదు. మన తెలంగాణ చెరువుల కింద నీళ్లు పంచే నీరటి ఎంత ముఖ్యుడో, ఇక్కడ వంతుల లెక్క అంత ముఖ్యం. ఈ రకం సంప్రదాయ సాగునీటి పద్ధతిని 2023లో యునెస్కో గుర్తించింది.

అలాగని ఇక్కడ అన్నీ ఉమ్మడివే అనుకోవద్దు. ద్రాక్షతోటలు, రై పొలాలు, గడ్డి మళ్లు అన్నీ సొంతం. పిల్లలందరికీ సమానంగా పంచుతూ వచ్చారు గనక ముక్కలు ముక్కలయ్యాయి. గజానికి దిగుబడి తక్కువై, ఎక్కడ మొలుస్తుందో చెప్పలేని పై బీడు, అడవి లాంటివి ఉమ్మడి. దేన్ని పంచుకోవాలో, దేన్ని పంచుకోకూడదో వాళ్లకు బాగా తెలుసు.

పైన మోసాల్ప్ బీడు దాకా నడిచాను. గంటల చప్పుడు, పేడ వాసన. అక్కడ నన్ను కుదురుగా ఉండనివ్వనిది 1483 నాటి ఒప్పందం. టోర్బెల్‌లో పరాయివాడు భూమి కొన్నా సరే, బీడు మీద, అడవి మీద అతనికి హక్కు రాదని అందులో రాసుకున్నారు. ఆస్ట్రమ్‌ను పొగిడే మనవాళ్ల వ్యాసాల్లో ఈ ముక్క సాధారణంగా కనబడదు. ఉమ్మడి నిలిచింది మంచితనం వల్ల కాదు, లెక్క వల్ల, మూసిన తలుపు వల్ల. హార్డిన్ చెప్పింది తలుపుల్లేని బీడుకు సరిపోతుంది, టోర్బెల్‌కు తలుపు ఎప్పుడూ ఉంది. వలస వచ్చినవాళ్లతో నిండిన మన ఊళ్లకు ఈ నమూనాను యథాతథంగా తెస్తామనేవాళ్లు ముందుగా 1483 కాగితం చదవాలి.